అల్యూమినియం బాడీ ట్రక్కులో పెయింట్ పొక్కుతోంది, వారంటీ రాదంటున్నారు

ప్రశ్న: మేము అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలో ఉంటాం. మూడేళ్ల క్రితం అల్యూమినియం బాడీ ఉన్న హెవీ డ్యూటీ పికప్ ట్రక్కు కొత్తది కొన్నాను. వ్యాపారానికి కాదు, ట్రైలర్ లాగడానికి, ఇంటి పనులకే వాడుతున్నాను. నేను స్టీలు బాడీ తీసుకుందామనుకుంటే సేల్స్‌మన్ "అల్యూమినియానికి తుప్పు పట్టదు, చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లే చోట ఇదే మేలు" అని ఒప్పించాడు. ఇప్పుడు డోర్ల కింది అంచుల్లో, హుడ్ ముందు అంచులో పెయింట్ పొక్కుతోంది. నేను బయట బిగించుకున్న స్టీలు టూల్ బాక్స్ బోల్టుల చుట్టూ కూడా అంతే. డీలరేమో "రంధ్రం పడలేదు కాబట్టి వారంటీ రాదు, పైగా బయట పని చేయించారు" అంటున్నాడు. నేను మోసపోయానా? కేసు వేయవచ్చా?

జవాబు: స్టీలు బండి కొని ఉంటే బాగుండేదన్న మీ బాధ నాకు అర్థమైంది. కానీ దాని మీద కేసు నిలబడదు. ఏ లోహంతో బాడీ చేయాలన్నది తయారీదారు నిర్ణయం. అల్యూమినియం వాడడమే లోపమని ఏ కోర్టూ అనదు. తేలిక, సొట్టలు, రిపేరు ఖర్చు లాంటివి కొనేవాళ్లు బేరీజు వేసుకోవాల్సిన విషయాలు. అదీగాక, బాడీ ఏదైనా కింద ఫ్రేమ్ స్టీలే. అంటే ప్రతి అల్యూమినియం ట్రక్కులోనూ రెండు లోహాలూ పక్కపక్కనే ఉంటాయి. మీ కేసు మొదలయ్యేది అక్కడ.

అల్యూమినియానికి ఎర్ర తుప్పు పట్టదన్న మాట నిజమే. దాని మీద సన్నటి ఆక్సైడ్ పొర ఏర్పడి లోపలి లోహాన్ని కాపాడుతుంది. కానీ స్టీలు ఆనుకుని ఉన్నచోట ఉప్పునీరు చేరితే ముందుగా తుప్పు తినేసేది అల్యూమినియాన్నే. తయారీలోనో రిపేరులోనో ఇనుప రజను పెయింట్ కింద చిక్కుకున్నా ఇదే జరుగుతుంది. పొక్కు చిట్లినచోట తెల్లటి పొడి కనిపిస్తే అదే గుర్తు.

సేల్స్‌మన్ మాట సంగతి చూద్దాం. "మొండి బండి" లాంటివి అమ్మకపు కబుర్లు, చట్టం వాటిని పట్టించుకోదు. "తుప్పు పట్టదు" అన్నది అంతకంటే బలమైన మాటే. అయితే అది నోటిమాట. మీరు సంతకం చేసిన ఒప్పందంలో రాతలో ఉన్నదే చెల్లుతుందన్న షరతు ఉండే ఉంటుంది. ఒహాయో వినియోగదారుల చట్టం కింద నష్టపరిహారం అడగడానికి రెండేళ్లే గడువు, అదీ దాటిపోయింది. లెమన్ చట్టం (లోపాలతో వచ్చిన కొత్త బండ్లు కొన్నవాళ్లను కాపాడే చట్టం) కూడా ఒహాయోలో మొదటి ఏడాది లేదా 18,000 మైళ్లలోపు కంపెనీ దృష్టికి తెచ్చిన లోపాలకే. (వేరే రాష్ట్రాల వాళ్లు డ్రైవర్ డోర్ పక్కన స్టిక్కర్ మీద జీవీడబ్ల్యూఆర్ (సరుకుతో సహా బండి ఉండదగిన గరిష్ఠ బరువు) చూసుకోవాలి. ఫ్లోరిడా లెమన్ చట్టం 10,000 పౌండ్లు దాటిన ట్రక్కులకు వర్తించదు. హెవీ డ్యూటీ పికప్‌లలో చాలా వరకు ఆ గీతకు ఇవతలో అవతలో ఉంటాయి.)

మీకు మిగిలిన గట్టి దారి రాతపూర్వక వారంటీ. బుక్‌లెట్ తెరిచి తుప్పుకు సంబంధించిన భాగం మీరే స్వయంగా చదవండి. ఇది బండిలో చాలా భాగాలకు వర్తించే మామూలు బంపర్ టు బంపర్ వారంటీకి వేరుగా, ఎక్కువ కాలానికి ఉంటుంది. రంధ్రం పడితేనే చేస్తామన్న షరతు స్టీలు రోజుల నుంచి వస్తున్నది. కొన్ని బుక్‌లెట్లలో అల్యూమినియం ప్యానెళ్లకు విడిగా ఒక వాక్యం ఉంటుంది. ప్రమాదం వల్లో, యజమాని చేసిన పని వల్లో కాకపోతే, రంధ్రం లేకపోయినా తుప్పు రిపేరు చేస్తామని దాని సారాంశం. కౌంటర్‌లో మనిషి పై పేరా చూసి పంపేసి ఉండవచ్చు. ఆ వాక్యం మీ బుక్‌లెట్‌లో ఉంటే సగం కేసు గెలిచినట్టే. లేకపోతే మాత్రం కష్టమే, ఆశ పెట్టి మిమ్మల్ని తిప్పను.

"బయట పని చేయించారు" అన్న సాకుకు జవాబు 1975 నాటి మాగ్నసన్ మాస్ వారంటీ చట్టంలో ఉంది. బయటి వస్తువు బిగించినంత మాత్రాన వారంటీ మొత్తం పోదు. ఆ వస్తువు వల్లే ఈ నష్టం జరిగిందని కంపెనీ చూపించాలి. మీ బండిలో ఇది రెండు ముక్కలుగా విడిపోతుంది. టూల్ బాక్స్ బోల్టుల చుట్టూ ఉన్న పొక్కుల గురించి అడగకండి. స్టీలు బోల్టు, అల్యూమినియం బెడ్, మధ్యలో ఉప్పునీరు, కారణం కళ్లముందే ఉంది. డోర్ల అంచులకీ హుడ్‌కీ ఆ బాక్సుతో ఏ సంబంధమూ లేదు. డోర్ కింద రేకు మడత పెట్టి అతికించిన అంచు వెంబడే, రాయి దెబ్బ ఏదీ లేని చోట పొక్కులు వరసగా ఉన్నాయంటే, తయారీ లోపమని వాదించడానికి అది మంచి ఆధారం. రెండూ కలిపి అడిగితే కంపెనీ బాక్సును చూపించి అన్నిటికీ కలిపి కాదంటుంది.

ఆ పొక్కులను ఎవరినీ గీకనివ్వకండి, సాండింగ్ చేయనివ్వకండి. ఒక్కసారి రుద్దేస్తే సాక్ష్యం పోయినట్టే. పక్కన స్కేలు పెట్టి దగ్గరి నుంచి ఫోటోలు తీయండి. డీలర్ కాదన్నది రిపేర్ ఆర్డర్ (సర్వీసులో ఇచ్చే కాగితం) మీద, కారణంతో సహా రాయించుకోండి. నోటితో చెప్పి పంపేస్తే మీరే ఈమెయిల్ పెట్టండి. అల్యూమినియం పనికి సర్టిఫికేషన్ ఉన్న బాడీ షాపు నుంచి తుప్పు ఎక్కడ మొదలైందో రాతలో అభిప్రాయం తీసుకోండి. అలాంటి షాపులు స్టీలు పనిముట్లు కలవకుండా విడి పనిముట్లు, విడి చోటు పెట్టుకుంటాయి. రేపు పని చేయించేదీ అలాంటి చోటే. తయారీదారు చెప్పిన పద్ధతి పక్కన పెడితే ఏమవుతుందో 2017లో డల్లాస్‌లో చూశాం. వెల్డింగ్ చేయాల్సిన కారు పైకప్పును జిగురుతో అతికించిన బాడీ షాపు 3 కోట్ల 15 లక్షల డాలర్లు కట్టాలని జ్యూరీ తేల్చింది.

తర్వాత డీలర్‌కు కాదు, నేరుగా తయారీదారుకు రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం రాయండి. బుక్‌లెట్‌లోని ఆ వాక్యాన్ని యథాతథంగా ఎత్తి రాసి, 30 రోజుల గడువు ఇవ్వండి. ముందు మధ్యవర్తిత్వానికి వెళ్లాలన్న షరతు బుక్‌లెట్‌లో ఉంటే అది పాటించాకే కోర్టు. ఒహాయోలో 6,000 డాలర్ల వరకు స్మాల్ క్లెయిమ్స్ కోర్టులో (చిన్న మొత్తాల దావాలు విచారించే కోర్టు) లాయరు లేకుండానే వేసుకోవచ్చు. రెండు డోర్లు, హుడ్ ఖర్చు అందులో పడుతుందేమో ఎస్టిమేట్ చూసి తేల్చుకోండి. దాటితే లాయరును పెట్టుకోండి. మాగ్నసన్ మాస్ కింద గెలిస్తే లాయరు ఫీజు కూడా కంపెనీ చేత కట్టించమని కోర్టును అడగవచ్చు, అందుకే ఇలాంటి చిన్న కేసులు తీసుకునేవాళ్లు దొరుకుతారు.

టెన్షన్ పడాల్సింది గడువు గురించే. వస్తువుల అమ్మకంలో వారంటీ దావాకు ఒహాయోలో నాలుగేళ్లు, బండి మీ చేతికి వచ్చిన రోజు నుంచి. రిపేరు నిరాకరించిన రోజు నుంచి లెక్కించిన కోర్టులూ ఉన్నాయి గానీ వాటిని నమ్ముకోవద్దు. మీకు మూడేళ్లు గడిచాయి. ఉత్తరం ఈ నెలలోనే వెళ్లాలి, జవాబు రాకపోతే డెలివరీ కాగితం మీది తేదీకి నాలుగేళ్లు నిండేలోపు దావా దాఖలు కావాలి.