ఆరుబయట ఆకులు, మట్టి, రాళ్లతో చేసే ఆర్ట్ థెరపీ పెద్దవాళ్లకు పనికొస్తుందా?

అమ్మగారు పోయాక నాన్నగారు మాటలు తగ్గించేశారనీ, రంగులూ కుంచెలూ కొనిస్తే “నాకు బొమ్మలు రావు” అని పక్కన పెట్టేశారనీ, ఆరుబయట దొరికే వస్తువులతో చేసే ఆర్ట్ థెరపీ (కళ ద్వారా మనసుకు ఊరటనిచ్చే చికిత్స) ఆయనకు సరిపడుతుందా అనీ మీరు అడిగారు. ఒక వృద్ధాశ్రమంలో ఆర్ట్ థెరపిస్టుకు సహాయకురాలిగా కొన్నేళ్లుగా పనిచేస్తున్నాను. అక్కడ చూసినదాన్ని బట్టి, సరిపడుతుందనే నా నమ్మకం.

తెల్ల కాగితం ఇస్తే చాలామంది పెద్దవాళ్లు పరీక్షకు కూర్చున్నట్టు బిగుసుకుపోతారు. రాలిన బాదం ఆకుకో గులకరాయికో ఆకారమూ రంగూ ముందే ఉంటాయి కనుక, ఏరుకోవడం, పేర్చడం తప్ప వేరే నైపుణ్యం అవసరం ఉండదు. అందుకే సామగ్రిని మీరే బుట్టలో తెచ్చి ముందు పెట్టవద్దు. దేనికోసం వంగారు, దేన్ని చేతిలోకి తీసుకుని కాసేపు చూసి వదిలేశారు అన్నదాంట్లోనే సగం థెరపీ ఉంటుంది. వంగలేకపోతే ఆయన చూపించినదాన్ని మీరు తీసి ఇవ్వండి.

మా ఆశ్రమంలో ఎవరితోనూ కలవని ఒక పెద్దావిడ ఒకరోజు పసుపు కొమ్మును గరుకు బండ మీద నీళ్లతో అరగదీసి, వేలితో ఒక గీత గీశారు. థెరపిస్టు పక్కన చిటికెడు తడి సున్నం పెట్టగా, ఆవిడ దాన్ని గీత చివర అద్దారు. పసుపు అక్కడికక్కడే ఎర్రబారింది. “పారాణి” అని, కూతురి పెళ్లినాటి సంగతులు తనంతట తానే చెప్పుకుపోయారు. ఎవరూ ప్రశ్నలు వేయలేదు, అర్థాలు తీయలేదు. మీరూ “ఇదేమిటి, ఎందుకు పెట్టారు” అని అడగకుండా పక్కన కూర్చుని మీదొకటి పేర్చుకోండి.

చెట్ల సమక్షానికే కొంత బలం ఉంది. పిత్తాశయ శస్త్రచికిత్స అయినవారిలో కిటికీలోంచి చెట్లు కనిపించినవారు, ఇటుక గోడ కనిపించినవారికంటే త్వరగా ఇంటికి వెళ్లారనీ, తీవ్రమైన నొప్పి మందులు తక్కువగా వాడారనీ పరిశోధకుడు రోజర్ ఉల్రిచ్ 1984లో ప్రచురించిన అధ్యయనంలో తేలింది. అది చిన్న అధ్యయనమే అయినా, లోపలి గదికంటే వేపచెట్టు కింద కూర్చోబెట్టడానికే నేను మొగ్గుతాను.

కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. గన్నేరు విషపూరితం, జిల్లేడు పాలు కంట్లో పడితే ప్రమాదం, వయ్యారిభామ తగిలితే కొందరికి దద్దుర్లు, ఆయాసం వస్తాయి. ఎండ ముదరకముందే వెళ్లండి, రాలినవే ఏరండి, ఆయన అడగకుండా ఫొటో తీయకండి.

చేసినదాన్ని ఇంటికి తెచ్చి దాచాలన్న పట్టుదల కూడా వద్దు. తంగేడు, గునుగు పూలతో ఎంతో శ్రద్ధగా పేర్చిన బతుకమ్మను సాయంత్రానికి నీళ్లలో వదిలే మనకు ఇది కొత్త కాదు. అయితే ఆప్తురాలిని పోగొట్టుకున్న మనిషికి ఆ వదలడం భారంగా ఉండవచ్చు కనుక, ఎప్పుడు చెరపాలో, అసలు చెరపాలో లేదో ఆయననే నిర్ణయించుకోనివ్వండి.

ఆయన తిండీ నిద్రా మానేసినా, చనిపోవాలన్న మాట ఎత్తినా మాత్రం ఇవన్నీ ఆపి ముందు మానసిక వైద్యుణ్ణి కలవండి. ఆ తర్వాత థెరపిస్టు సలహాతో మళ్లీ మొదలుపెట్టవచ్చు.