క్యాబిన్‌లో ఉంటే ఆస్‌బెస్టాస్ అంటదా?

ప్రశ్న: ఇరవై రెండేళ్లుగా ఎక్స్‌కవేటర్, డోజర్ నడుపుతున్నాను. హెల్పర్‌గా ఉన్న రోజుల్లో పాత బండ్ల బ్రేక్ డ్రమ్ములు విప్పి కంప్రెసర్ గాలితో దుమ్ము ఊదేవాళ్లం. తర్వాత పాత షెడ్లు కూల్చే పనులూ చేశాను. వాటిలో ఆస్‌బెస్టాస్ ఉండేదని ఈమధ్య మా సైట్ ఇంజినీరు అన్నప్పటి నుంచి ఒకటే టెన్షన్. నాకు దగ్గు, ఆయాసం ఏమీ లేవు. క్యాబిన్‌లో కూర్చునేవాడికీ ప్రమాదమేనా?

జవాబు: మీ ఇంజినీరు అన్నది నిజమే. ఆస్‌బెస్టాస్ అంటే రాతినార. వేడికి తట్టుకుంటుంది, చవక కూడా, అందుకని పాత యంత్రాల బ్రేక్ లైనింగులు, క్లచ్ ప్లేట్లు, గ్యాస్కెట్లు, సైలెన్సర్ గొట్టానికి చుట్టే పట్టీలు అన్నిట్లోనూ వాడేశారు. డ్రమ్ములోకి గాలి కొట్టగానే బూడిదరంగు మబ్బు లేచేది, గుర్తుందా? అందులో పెద్ద రేణువులు కాసేపటికి నేల మీద పడిపోతాయి, కంటికి ఆనని పోగులు మాత్రం గంటల తరబడి గాల్లోనే తేలుతుంటాయి, ఊపిరితిత్తుల్లోకి దిగాక వాటిలో చాలా భాగం అక్కడే ఏళ్ల తరబడి ఉండిపోతాయి. ఇప్పటికీ పాత బండి విప్పితే గాలి కొట్టొద్దు, తడిపి తుడవండి.

తలుపులు బిగించి, ఫిల్టరు బాగుంటే క్యాబిన్ చాలావరకు కాపాడుతుంది. కానీ కింద ఉన్నవాడి కేక వినపడాలనో, ఉక్కపోతకో తలుపు తీసి నడిపేవాళ్లే ఎక్కువ. బూట్లకు అంటిన దుమ్ము కూడా లోపలికొచ్చి ఫ్యాను గాలికి తిరుగుతుంది. బకెట్ పక్కనే నిలబడి పని చేయించే ఇంజినీరుకు ఆ క్యాబిన్ కూడా లేదు. అసలు కూల్చే ముందే రేకుల ముక్క, పైపుల పూత ల్యాబ్‌కి పంపించాల్సింది ఆయన వైపు వాళ్లే. ఉందని తేలితే ఆ పని తెలిసినవాళ్లు తడిపి, పగలకుండా దించాలి, బకెట్‌తో బాదకూడదు. ముక్కుకి తువ్వాలు కట్టుకుంటే ఆగేది కాదిది.

దగ్గు లేదంటే మంచిదే, కానీ ధీమా పడకండి. రాతినార తెచ్చే ఊపిరితిత్తుల జబ్బులు, క్యాన్సర్లు బయటపడటానికి 20 నుంచి 40 ఏళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. అలాగని దుమ్ము పీల్చిన ప్రతివాడికీ వస్తాయని కాదు. ఊపిరితిత్తుల డాక్టరుకు ఏ ఏళ్లలో ఏ పని చేశారో కాగితం మీద రాసి ఇవ్వండి. ఆయన అడక్కపోయినా ఇవ్వండి. ఛాతీ ఎక్స్‌రే, ఊది చూసే పరీక్ష చేస్తారు, మళ్లీ ఎప్పుడు రావాలో చెబుతారు. పని బట్టలు ఇంటికి తేవద్దు, వాటిని దులిపి ఉతికిన ఇంటివాళ్లలోనూ కొందరికి ఈ జబ్బులు వచ్చాయి.

సిగరెట్ సంగతి మీరు రాయలేదు. ఉంటే ఇవాళే మానేయండి, రాతినారకు పొగ తోడైతే ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు రెండూ కలిపినంతతో ఆగదు, అంతకు మించిపోతుంది.