పెద్ద తెర మీద బాణం గుర్తు ఎక్కడ పెట్టాలి?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. మా లైబ్రరీలో ఒక గదిని చిన్న మ్యూజియంగా మారుస్తున్నాం. నౌపడా చిన్న రైలు, కొమ్ము బొమ్మలు, సవరల గోడ చిత్రాలు... వీటి ఫొటోలు, కథలు 55 అంగుళాల టచ్ స్క్రీన్‌లో పెట్టాం. ట్రయల్‌కి వచ్చినవాళ్లు మొదటి ఫొటో చూసి వెళ్లిపోతున్నారు. పైన కుడి మూలలో మెనూ ఉన్నా ఎవరూ ముట్టుకోవడం లేదు. ఏం మార్చాలి?
– ఒక పాఠకురాలు, గజపతి జిల్లా

జవాబు: ముందు ఆ మెనూని మూల నుంచి తీసేయండమ్మా. 55 అంగుళాల తెర అడ్డంగా పెడితే వెడల్పు దాదాపు 121 సెంటీమీటర్లు. డిజైన్ చేసినవాళ్లకు ల్యాప్‌టాప్‌లో అంతా ఒక్క చూపులో కనిపిస్తుంది. తెర ముందు చేయి చాచినంత దూరంలో నిలబడ్డవాళ్ల చూపు ఆ మూలకి పోనే పోదు.

దారి చూపే గుర్తు ఫొటోలోనే ఉండాలి. 1900లో మొదలైన మీ చిన్న రైలునే తీసుకోండి. ఇంజిన్ పూర్తిగా కనిపించి, వెనక పెట్టె తెర అంచు దగ్గర సగానికి తెగిపోయేలా పెట్టండి. మిగతా రైలు చూడాలని చెయ్యి దానంతటదే జరుపుతుంది. అక్కడే ఒక బాణం, పక్కన ‘ఇంకా చూడండి’ అన్న మాట. ఉత్త బాణం చాలదు, పెద్దవాళ్లకి మాట కావాలి.

బటన్‌ని పిక్సెళ్లలో (తెర మీది చుక్కల్లో) కాదు, స్కేలు పెట్టి సెంటీమీటర్లలో కొలవండి. ఫుల్ హెచ్‌డీ తెర మీద 28 మిల్లీమీటర్లు వచ్చే బటన్, అదే పిక్సెళ్లతో, చుక్కలు అడ్డంగా, నిలువుగా సగానికి తగ్గే అంతే సైజు 4కే తెర మీద 14కి పడిపోతుంది. నేనైతే నాలుగు సెంటీమీటర్లకి తగ్గను. ఎత్తు కూడా చూసుకోండి. చేతికి అందాల్సినవి నేల నుంచి 48 అంగుళాలు దాటకూడదని అమెరికా ప్రమాణాలు చెబుతాయి. పిల్లలకీ, చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లకీ అప్పుడే అందుతాయి.

ఇంకొకటి. ముందువాళ్లు మధ్యలో వదిలి వెళ్లిన పేజీ వెనక వచ్చినవాళ్లకి అయోమయంగా ఉంటుంది. నిమిషంపాటు ఎవరూ ముట్టుకోకపోతే మొదటి పేజీకి తిరిగి వచ్చేయాలి. మొదటి పేజీకి తీసుకెళ్లే ఇల్లు బొమ్మ ప్రతి పేజీలో ఒకే చోట ఉండాలి.

భాష మార్చే బటన్ కూడా అంతే, ఏ పేజీలోనైనా దొరకాలి. మీ వైపు ఇంట్లో తెలుగు మాట్లాడుతూ చదవడం మాత్రం ఒడియాలోనే వచ్చిన పిల్లలు ఎంతమందో! ఒడియా పేరు ఒడియా లిపిలో, తెలుగు పేరు తెలుగులో రాయండి. సవర పేజీ కూడా పెడితే నాకు చాలా సంతోషం. సవర భాషకి మంగేయి గొమాంగో 1936లో రూపొందించిన సొరంగ్ సొంపెంగ్ లిపి 2012 నుంచి యూనికోడ్‌లో (కంప్యూటర్లు అక్షరాలను గుర్తించే ఉమ్మడి పట్టికలో) ఉంది.

మళ్లీ ప్రోగ్రామర్‌కి ఇచ్చే ముందు తెరంత కాగితం మీద ఇదంతా గీసి, తెర ఉండే ఎత్తులోనే గోడకి అంటించండి. కొమ్ము పని చేసే ఇంటి నుంచి ఒక పెద్దాయన్నీ, ఒక బడి పిల్లనీ పిలవండి. ఏమీ చెప్పకుండా, వాళ్ల వేలు ముందు ఎక్కడ పడుతుందో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి.