మంచం దిగకముందే: మడమ నొప్పికి పెద్దమ్మ ఉత్తరం

చి. ల. సౌ. సుజాతకు పెద్దమ్మ ఆశీస్సులు.

పొద్దున మంచం దిగి కాలు మోపగానే మడమలో మేకు దిగినట్టుంటోందనీ, పది అడుగులు వేశాక సర్దుకుంటోందనీ, బడి నుంచి వచ్చి కాసేపు కూర్చుని లేస్తే మళ్ళీ మొదటికొస్తోందనీ రాశావు. ఎక్స్‌రే చూసి ఎముక పెరిగిందన్నారని భయపడుతున్నావు. ముందు ఆ భయం తీసేయి. ఆ ముల్లులాంటి ఎముక ఏ నొప్పీ లేనివాళ్ళలోనూ బోలెడుమందికి ఉంటుంది. అది కరగక్కర్లేదు, కొయ్యనక్కర్లేదు. అదలా ఉండగానే నొప్పి పోతుంది.

నువ్వు చెప్పినవన్నీ ప్లాంటార్ ఫేషియైటిస్ లక్షణాలే. మడమ ఎముక నుంచి వేళ్ళ మొదళ్ళ దాకా అరికాలి కింద మందపాటి పట్టీ ఒకటి ఉంటుంది, వింటికి నారి కట్టినట్టు. అడుగు వేసినప్పుడల్లా ఒంటి బరువుకి విల్లు చదునైపోబోతే, నారి పట్టి ఆపుతుంది. రోజూ ఆరేడు గంటలు గచ్చు మీద నిలబడితే ఆ నారి మడమకి అతుక్కున్న చోట దెబ్బతింటుంది. రాత్రి పడుకున్నప్పుడు పాదం కిందికి వాలి పట్టీ వదులుగా, కుదించుకుని ఉంటుంది. పొద్దున ఒక్కసారిగా బరువు పడేసరికి దెబ్బతిన్న చోటే లాగుతుంది. మొదటి అడుగు అంత పోటు పెట్టేది అందుకే.

అవునో కాదో నువ్వే చూసుకో. కూర్చుని, నొప్పి ఉన్న పాదాన్ని రెండో మోకాలి మీద పెట్టుకో. ఒక చేత్తో అయిదు వేళ్ళూ కలిపి నీ వైపు వెనక్కి లాగు. అరికాల్లో తాడులాంటిది బిగుస్తుంది. దాని వెంటే బొటనవేలు జరుపుకుంటూ మడమ వైపు రా. మడమ కింద లోపలి అంచున, రూపాయి బిళ్ళంత చోట నొక్కితే ప్రాణం జివ్వుమంటే అదే ఇది. నొప్పి మడమ వెనకాల ఉంటే అది పిక్క కండని మడమకి కలిపే స్నాయువు సంగతి. మంట, తిమ్మిరి ఉంటే నరం నొక్కుకుపోయి ఉండొచ్చు. మడమని రెండు పక్కల నుంచీ అరచేతులతో పిండితే ఎక్కువ నొప్పి పుడితే ఎముకలో సన్నని పగులు ఉందేమో చూపించుకోవాలి.

వేళ్ళు లాగిన ఆ భంగిమే మొదటి వైద్యం. 10 అంకెలు లెక్కపెట్టేదాకా లాగి పట్టుకో, వదులు. అలా 10 సార్లు, రోజుకి మూడు పూటలు. మొదటి పూట మంచం మీదే, పాదం నేలకి తగలకముందు. చాలామంది తప్పుచేసేది ఇక్కడే. లేచి, కుంటుకుంటూ బ్రష్ చేసుకుని, కాఫీ తాగి, అప్పుడు మొదలుపెడతారు. అప్పటికే ఆ చోటు మళ్ళీ లాగేసి ఉంటుంది. మిగతా రెండు పూటలూ ఎక్కువసేపు కూర్చుని లేవబోయే ముందు చెయ్యి. లాగేటప్పుడు రెండో చేతి బొటనవేలికి తాడు బిగిసినట్టు తెలియాలి. తెలియకపోతే ఇంకాస్త లాగు.

పిక్కలు బిగుసుకుపోతే పట్టీకి ఇంకా బరువు. గోడకి చేతులు ఆనించి, నొప్పి కాలు వెనక్కి పెట్టి, మోకాలు నిటారుగా ఉంచి 30 సెకన్లు, కొద్దిగా వంచి 30 సెకన్లు ఆగు. ఇలా మూడుసార్లు. మడమ లేవకూడదు, పాదం బయటికి తిరగకూడదు.

ఇక అసలు పని. సాగదీస్తే నొప్పి తగ్గుతుంది గానీ, పట్టీకి బలం రావాలంటే బరువు మొయ్యాలి. డెన్మార్క్‌లో పరీక్షించి చూసిన పద్ధతి ఇది. తువ్వాలు గట్టిగా చుట్టి మెట్టు అంచున పెట్టి, దాని మీద కాలివేళ్ళు పైకి వంగి ఉండేలా నిలబడు. గోడో రెయిలింగో పట్టుకో. ఒంటికాలి మీద 3 సెకన్లలో మడమ పైకి లేపు, 2 సెకన్లు ఆగు, 3 సెకన్లలో దించు. 12 సార్లు చేసి కాసేపు ఆగి, అలా మూడు విడతలు. రోజు విడిచి రోజే. రెండు వారాలయ్యాక వీపు సంచీలో నోటుపుస్తకాలు వేసుకుని 10 సార్ల చొప్పున నాలుగు విడతలు, ఆ తర్వాత ఇంకాస్త బరువుతో 8 సార్ల చొప్పున అయిదు. ఒంటికాలి మీద చేతకాకపోతే రెండు కాళ్ళతో మొదలుపెట్టు. చేసేటప్పుడు కాస్త నొప్పి ఉన్నా పర్లేదు, మర్నాటి పొద్దుటి నొప్పి పెరిగిందేమో చూసుకో. పెరిగితే బరువు తగ్గించు. హడావిడిగా గెంతుతూ చేస్తే లాభం లేదు, నెమ్మదిగా లేపి, నెమ్మదిగా దించడంలోనే ఉంది దాని బలం.

ఇంట్లో టైల్స్ మీద ఉత్తకాళ్ళతో తిరగడం మానేయి. ఇంట్లో చెప్పులేమిటని అత్తగారంటే, గడప దాటని జత వేరే ఉందని చెప్పు. మెత్తటి ఎంసీఆర్ (మైక్రో సెల్యులార్ రబ్బరు) చెప్పులు చాలు. కొనేటప్పుడు చేత్తో వంచి చూడు, వేళ్ళ దగ్గర వంగాలి గానీ మధ్యలో మడతపడకూడదు. మడమ దగ్గర అరిగిన హవాయి చెప్పులు పారెయ్. సిలికాన్ హీల్ కప్పులు వాడితే రెండు కాళ్ళకీ పెట్టుకో, ఒక్కదానికే పెడితే నడుముకి తేడా. బడిలో నోటుబుక్కులు దిద్దేటప్పుడైనా కూర్చో.

సాయంత్రం అరలీటరు నీళ్ళ సీసా గడ్డకట్టించి, పల్చటి గుడ్డ చుట్టి, అరికాలి కింద 10 నిమిషాలు దొర్లించు. వేడి ఇటుక మీద జిల్లేడాకులు పరిచి మడమ పెట్టమని మీ అమ్మ అననే అంటుంది. ఆ వేడికి హాయిగానే ఉంటుంది, కాదనను. కానీ షుగర్ ఉండి పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్ళకి కాలినా తెలియదు, వాళ్ళకి ఐసూ వద్దు, ఇటుకా వద్దు. జిల్లేడు పాలు కంట్లో పడితే పెద్ద ప్రమాదం.

మందుల షాపులో అడిగి నొప్పి బిళ్ళలు నెలల తరబడి మింగకు, కడుపుకీ కిడ్నీలకీ చేటు. మడమలో స్టెరాయిడ్ ఇంజెక్షన్ కొన్ని వారాలు సుఖమిస్తుంది. మళ్ళీ మళ్ళీ చేయించుకుంటే పట్టీ తెగొచ్చు, మడమ కింది మెత్తటి కొవ్వు కూడా పల్చబడొచ్చు. ముందే దానికి పరుగెత్తకు.

అడుగు వేస్తుండగా టప్‌మని తెగినట్టై నీలంగా కమిలినా, వాపు, ఎరుపు, జ్వరం ఉన్నా, పడుకున్నప్పుడు కూడా నొప్పి వదలకపోయినా ఆగకుండా ఎముకల డాక్టరుకి చూపించు. రెండు మడమలూ నొప్పెడుతూ, పొద్దున అరగంట పైన నడుము పట్టేస్తుంటే కీళ్ళవాతం డాక్టరు చూడాలి.

చాలామందికి ఇది ఆపరేషన్ లేకుండానే తగ్గుతుంది గానీ, ఆరు నెలలు, ఒక్కోసారి ఏడాది పడుతుంది. మూడో వారంలో కాస్త తేలిక పడగానే మెట్టు దగ్గరి పని మానేస్తావేమో, అదే నా అనుమానం. ఆదివారం వీడియో కాల్ చెయ్యి, తువ్వాలు ఎంత మందంగా చుట్టాలో చూపిస్తాను.

ఆశీస్సులతో,
పెద్దమ్మ