ప్లాన్ సగానికి కొయ్యి: బౌండరీ వాటర్స్‌కి వెళ్తున్న మేనల్లుడికి అత్త ఉత్తరం

డులూత్, జనవరి

చిన్నా,

నువ్వు పంపిన షీట్ చూశాను. పేర్లు 11, రోజులు 4, మైళ్ళు 42, అదీ జూలై 4 లాంగ్ వీకెండ్‌లో. చికాగో నుంచి రాత్రంతా కారు నడిపి పొద్దున్నే కనూ, అదే తెడ్డుతో నడిపే సన్నటి పడవ, ఎక్కుతామని రాశావు. సరదా పాడుచేస్తున్నానని అనుకోకు గానీ, ఈ ప్లాన్‌తో వెళ్ళకండి. మనుషుల్ని తగ్గించు, మైళ్ళు సగానికి కొయ్యి, తేదీ ఆగస్టు ఆఖరికి జరుపు.

ముందు మనుషుల సంగతి. బౌండరీ వాటర్స్ అంటే మా మిన్నెసోటా ఉత్తరాన చెరువులతో నిండిన రక్షిత అడవి. అక్కడ ఒక బృందంలో 9 మందికి మించి ఉండకూడదు, పడవలు 4 దాటకూడదు. రెండు పర్మిట్లు తీసుకుని లోపల కలుసుకుంటాం అంటావేమో, అదీ కుదరదు. క్యాంపు దగ్గరే కాదు, నీళ్ళ మీదా, నడకదారిలోనూ ఆ లెక్క దాటి కలిసి ఉండకూడదు. నన్నడిగితే ఆరుగురు, మూడు కనూలు. కొన్ని క్యాంపుల్లో రెండు టెంట్లకు మించి చదునైన చోటు దొరకదు, తొమ్మిది మందైతే రాళ్ళ మీద పడుకోవాల్సి వస్తుంది.

ఎవరిని తీసెయ్యాలో నేను చెప్పను, అది నీ తలనొప్పి. కానీ ఎవరికి ఈత వచ్చో, ఎవరికి రాదో విడివిడిగా ఫోన్ చేసి కనుక్కో. వాట్సాప్ గ్రూపులో అడగొద్దు. అందరి ముందూ అడిగితే మనవాళ్ళు మొహమాటానికి "కొంచెం కొంచెం వచ్చు" అంటారు. కొంచెం వచ్చు అన్నవాళ్ళ పేరు రాదు అన్న వరసలోనే రాసుకో. అలాంటివాళ్ళను మానిపించమని కాదు. ఇద్దరు ఈతరాని వాళ్ళను ఒకే కనూలో కూర్చోబెట్టకు. మొత్తం ప్రయాణం వాళ్ళ ధైర్యాన్ని బట్టి వెయ్యి. బృందంలో అందరికంటే గట్టివాడిని చూసి మైళ్ళు లెక్కకట్టడమే నీ షీట్‌లో ఉన్న అసలు చిక్కు.

లైఫ్ జాకెట్ మనిషికొకటి పడవలో ఉండాలని మిన్నెసోటా చట్టం. పెద్దవాళ్ళు దాన్ని తొడుక్కోవాలని మాత్రం చట్టం అనదు, నేను అంటాను. కనూలో కాలు పెట్టకముందే తొడుక్కుని, బకిల్ పెట్టుకుని, ఒడ్డుకు దిగాకే తీయాలి. ఫొటో కోసం కూడా విప్పకూడదు. అమెరికా వచ్చిన మన పిల్లలు చెరువుల్లో, జలపాతాల్లో పోయారన్న వార్త వింటూనే ఉన్నాం కదా. ఈ ఒక్క విషయంలో ఎవడైనా పేచీ పెడితే వాణ్ణి ఒడ్డునే వదిలెయ్.

ఇక తేదీ. మే 1 నుంచి సెప్టెంబర్ 30 వరకు రాత్రి బస చేసే వాళ్ళకు కోటా ఉంటుంది. ఒక్కో ప్రవేశద్వారం నుంచి రోజుకు ఇన్ని బృందాలే అని లెక్క. ఆ బుకింగ్ జనవరి ఆఖరి బుధవారం ఉదయం 9 గంటలకు, సెంట్రల్ టైమ్ ప్రకారం, రిక్రియేషన్ డాట్ గవ్ వెబ్‌సైట్‌లో తెరుచుకుంటుంది. పేరున్న ద్వారాలు ఆ పూటే నిండిపోతాయి కాబట్టి లాగిన్ అయి సిద్ధంగా కూర్చో. పెద్దవాళ్ళకు మనిషికి 16 డాలర్లు, పైన రిజర్వేషన్‌కు 6. లోపల ఎన్ని రోజులున్నా అంతే. పర్మిట్ మీద ఏ ద్వారం, ఏ తేదీ ఉందో ఆ ద్వారంలోంచి ఆ తేదీనే లోపలికి వెళ్ళాలి. పర్మిట్ తీసుకోడానికి నువ్వే రావాలి, లేదా బుక్ చేసేటప్పుడు బదులుగా పేరిచ్చిన వాళ్ళు రావాలి. కాబట్టి ఆఖరి నిమిషంలో ఎగ్గొట్టే అలవాటున్న వాడి పేరు అక్కడ రాయకు.

జూలై మొదట్లో దోమలు మిమ్మల్ని ఎత్తుకుపోతాయి, జనం కూడా ఎక్కువ. ఆగస్టు మూడో వారం దాటాక వస్తే దోమలు చాలావరకు తగ్గుతాయి, నీళ్ళు ఇంకా వెచ్చగానే ఉంటాయి. రాత్రి మాత్రం చలేస్తుంది, స్వెట్టర్ తెచ్చుకోండి. మే నెల ఊసే ఎత్తకు. చెరువుల మీద మంచు కరిగేదే ఏప్రిల్ చివర, మే మొదట్లో. ఆ నీళ్ళలో పడితే ఈత వచ్చినవాడికి కూడా చేతులు ఆడవు.

దారి విషయానికొస్తే, ఈలీ ఊరి నుంచి ఫెర్న్‌బర్గ్ రోడ్డు చివర ఉన్న లేక్ వన్‌లో మొదలుపెట్టండి. లేక్ వన్ నుంచి లేక్ టూకి వెళ్ళడానికి రెండు చిన్న పోర్టేజ్‌లు, అంటే కనూ మోసుకుని నడవాల్సిన దారులు, ఉన్నాయి. అక్కణ్ణుంచి లేక్ త్రీ, లేక్ ఫోర్ వరకు కనూ దిగక్కర్లేదు. లేక్ త్రీలోనో ఫోర్‌లోనో ఒకే క్యాంపు వేసుకుని మూడు రాత్రులూ అక్కడే ఉండండి. పగలు ఖాళీ కనూలతో హడ్సన్ లేక్ దాకా వెళ్ళి రండి. రోజుకో చోట టెంట్ పీకి టెంట్ వేస్తుంటే సెలవులో కూడా కూలిపనే అవుతుంది.

లోపల ఎక్కడా బోర్డు ఉండదు. పోర్టేజ్ ఎక్కడ మొదలవుతుందో, ఏ క్యాంపు ఎక్కడుందో మ్యాప్ చూసి మీరే కనిపెట్టాలి. లేక్ వన్ మొదటి చెరువే అయినా దీవులూ, మూలలూ ఎక్కువై దారి తప్పించేది అదే. నీళ్ళకు తడవని కాగితం మ్యాప్ కనూకొకటి కొను. ఫోన్‌లో ఆఫ్‌లైన్ మ్యాప్ ఉంటే మంచిదే, కానీ సిగ్నల్ ఉండదు, బ్యాటరీ అయిపోతుంది.

పోర్టేజ్ అంటే కనూనీ, సామాన్నీ భుజాన వేసుకుని ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకు నడవడం. ఆ దూరాన్ని మ్యాప్‌లో రాడ్లలో ఇస్తారు. ఒక రాడ్ 16.5 అడుగులు, 320 రాడ్లు ఒక మైలు. 40 రాడ్ల దారి చూసి ఇంతేనా అనుకుంటావు. సామాను రెండు విడతలుగా మోస్తే ఆ దారిని మూడుసార్లు నడిచినట్టు. వెళ్ళి, ఖాళీగా తిరిగొచ్చి, మళ్ళీ వెళ్ళాలి కదా. నీ షీట్‌లో ఈ లెక్క లేదు. కొత్తవాళ్ళు సామానుతో, పోర్టేజ్‌లతో కలిపి గంటకు ఒక మైలు వెళ్తే బాగా వెళ్ళినట్టే.

కనూలు ఈలీలో అద్దెకు దొరుకుతాయి. డబ్బులు కాస్త ఎక్కువైనా కెవ్లార్ అనే తేలికపాటి పీచుతో చేసినవే తీసుకోండి, 45 పౌన్ల లోపే ఉంటాయి. అల్యూమినియంవి 70 పౌన్లు దాటుతాయి. మధ్యలో అడ్డంగా ఉండే చెక్కను రెండు భుజాల మీద ఆనించుకుని, కనూని బోర్లించి, కావడి మోసినట్టు మోయాలి. ఎత్తడం నేర్చుకుంటే మోయడం పెద్ద కష్టం కాదు. కెవ్లార్‌కి రాళ్ళంటే పడదు. ఒడ్డు మీదికి ఈడ్చొద్దు. మోకాలి లోతు నీళ్ళలోనే దిగి, ఎత్తి పక్కన పెట్టాలి. అంటే మీ బూట్లు రోజంతా తడిగానే ఉంటాయి. క్యాంపులో వేసుకోడానికి పొడి జత ఒకటి వేరే తెచ్చుకోండి. ఆ తెల్లటి కొత్త బూట్లు తేకు.

తెడ్డు వెయ్యడం అక్కడికొచ్చి నేర్చుకుంటామంటే కుదరదు. ముందే మీ దగ్గర ఏదైనా చిన్న చెరువులో రెండు మూడు శనివారాలు అద్దె కనూ తీసుకుని తిరగండి. ముందు కూర్చున్నవాడు బలం ఇస్తాడు, వెనక కూర్చున్నవాడు దారి పట్టిస్తాడు. వెనకవాడు తెడ్డు లాగిన ప్రతిసారీ చివర్లో దాన్ని కాస్త బయటికి తోస్తే కనూ తిన్నగా పోతుంది. అది రాకపోతే చెరువంతా పాములా మెలికలు తిరుగుతారు, ఒకరినొకరు తిట్టుకుంటారు. ఒడ్డు దగ్గర, లోతు లేని చోట, జాకెట్లు వేసుకుని కావాలనే ఒకసారి తలకిందులు చేసి చూడండి. మునిగినా సరే, కనూని వదలకూడదు. అది తేలుతుంది, దూరం నుంచి కనిపిస్తుంది, దాన్ని పట్టుకునే ఒడ్డుకు రావాలి.

గాలి చాలామటుకు మధ్యాహ్నానికి పుంజుకుంటుంది. పొద్దున ఆరింటికల్లా నీళ్ళ మీద ఉండండి, రెండింటికి క్యాంపు చూసుకోండి. క్యాంపులు ఎవరు ముందొస్తే వాళ్ళవి, సాయంత్రం దాకా ఆగితే ఖాళీ దొరకదు. పెద్ద చెరువును మధ్యకు కోసుకుంటూ దాటాలనిపిస్తుంది. అలా చెయ్యకుండా ఒడ్డు వెంబడే వెళ్ళండి. అలలు లేస్తే సీటు దిగి కనూ అడుగున మోకాళ్ళ మీద కూర్చోండి. తెల్లని నురగలు కనిపిస్తున్నప్పుడు బయల్దేరొద్దు, పేకాట ఆడుకోండి. ఉరుము వినిపిస్తే వెంటనే ఒడ్డుకు రండి.

చెరువుల మధ్య నీళ్ళు జోరుగా పారే చోట్లుంటాయి. వాటిలోంచి కనూ దించే సాహసం వద్దు, అందుకే పక్కన పోర్టేజ్ ఉంది. అది జోరు మొదలయ్యే చోటికి దగ్గర్లోనే ఉంటుంది కాబట్టి చప్పుడు వినిపించగానే ఒడ్డు పట్టుకోవాలి. 2024 మేలో ఇక్కడే, కర్టెన్ ఫాల్స్ దగ్గర, కనూలు జలపాతంలోకి జారిపోయి ఇద్దరు చనిపోయారు.

తిండి గురించి మీ అమ్మ ఇప్పటికే లిస్టు రాసిచ్చి ఉంటుంది. తిండీ, పానీయాల రేకు డబ్బాలు, గాజు సీసాలు లోపలికి నిషేధం. గాజు జాడీలో ఆవకాయ పనికిరాదు, బీరు క్యాన్లు అంతకన్నా పనికిరావు. ఆవకాయను మూత బిగుతుగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో, రెండు జిప్ కవర్ల మధ్య పెట్టు. నూనె కారిందంటే స్లీపింగ్ బ్యాగు జన్మంతా ఆవకాయ వాసనే. మొదటి రాత్రికి మా ఇంట్లో పులిహోర కలిపి ఇస్తాను. తర్వాత వేయించిన ఉప్మా రవ్వ తాలింపుతో సహా కలిపిన పొడి, అటుకులు, కందిపొడి, చిన్న ప్లాస్టిక్ సీసాలో నెయ్యి, నూడుల్స్ చాలు. అన్నానికి సన్నబియ్యం, మూతున్న గిన్నె తెచ్చుకోండి. కుక్కర్ తేవద్దు, దాని బరువు ఎవడూ మోయడు. చెరువు నీళ్ళు ఎంత తేటగా ఉన్నా ఫిల్టర్ చేసో, మరగబెట్టో తాగండి. జియార్డియా అనే కడుపు జబ్బు పట్టుకుంటే ఇంటికెళ్ళాక కూడా బాత్రూమ్ వదలరు.

ఇక్కడివి నల్ల ఎలుగుబంట్లు. మనిషిని చూస్తే పారిపోయేవే ఎక్కువ, కానీ తిండి వాసన వాటిని లాక్కొస్తుంది. తిండినీ, చెత్తనీ, టూత్‌పేస్టునీ కలిపి ఒక సంచిలో వేసి, నేల నుంచి 12 అడుగుల ఎత్తున, చెట్టు మాను నుంచి 6 అడుగుల దూరంలో వేలాడదీయాలి. లేదా ఎలుగుబంటి తెరవలేని డబ్బాలో పెట్టాలి. ఇది ఇప్పుడు సలహా కాదు, నియమం. 12 అడుగుల ఎత్తుకు సరైన కొమ్మ వెతికి తాడు విసరడం చీకట్లో నరకం, కాబట్టి డబ్బాలే అద్దెకు తీసుకోండి. టెంట్‌లో బిస్కెట్ ముక్క కూడా వద్దు. ఎలుగుబంటి సంగతేమో గానీ ఎలుకలు ఖాయం.

క్యాంపుకొక ఇనుప పొయ్యి ఉంటుంది. మంట అందులోనే వెయ్యాలి, అదీ ఆ రోజు నిషేధం లేకపోతేనే. స్టవ్ ఎలాగూ తెచ్చుకోండి. లేక్ త్రీ, ఫోర్ దక్షిణపు ఒడ్డున ఏపుగా లేస్తున్న లేత అడవి చూస్తావు. 2011 ఆగస్టులో పిడుగుపాటుకు అంటుకున్న పగామి క్రీక్ మంట సెప్టెంబర్‌లో గాలికి చెలరేగి 92,000 ఎకరాలకు పైగా కాల్చేసింది. ఎండిన మాను ఏదైనా నిలబడి ఉంటే దాని కింద టెంట్ వెయ్యకండి. టెంట్ వేసేముందు తల పైకెత్తి చూడటం అలవాటు చేసుకోండి.

టాయిలెట్ ఉంది. గోడల్లేవు, కప్పు లేదు, క్యాంపు వెనక చెట్ల మధ్య గుంత మీద ఒక పెట్టె, అంతే. చెంబుకు బదులు ఒక ప్లాస్టిక్ బాటిల్ కేటాయించి దాని మీద గుర్తు పెట్టండి. సబ్బు ఏదైనా నీళ్ళకు 150 అడుగుల దూరంలోనే. సాయంత్రం ఒళ్ళంతా చూసుకుని టిక్స్ అంటామే, ఆ పిడుదులు ఉంటే పట్కారుతో లాగేయండి.

బ్లూటూత్ స్పీకర్ కారులోనే ఉంచు. నీళ్ళ మీద చప్పుడు అవతలి ఒడ్డుకు కూడా పోతుంది. డ్రోన్ ఎటూ నిషేధం. మీరు నడిచే పోర్టేజ్ దారులు ఓజిబ్వే అనే ఇక్కడి ఆదివాసులు తరతరాలుగా బెరడు కనూలు మోసిన దారులు. ఆగస్టు చివర కొన్ని చెరువుల అంచున నీళ్ళలోంచి పైకి లేచిన పచ్చటి గడ్డిలా అడవి వరి కనిపిస్తుంది. వాళ్ళు ఇప్పటికీ కోసుకునే పంట అది. కనూ పక్కనుంచి పోనివ్వండి.

ఫోన్ సిగ్నల్ లేని చోటు నుంచి కూడా కబురు పంపే శాటిలైట్ మెసెంజర్ ఒకటి అద్దెకు తీసుకోండి. రోజూ రాత్రి ఏడింటికి నాకు "బాగున్నాం" అని ఒక ముక్క పంపాలి. తిరిగొచ్చే గడువు కూడా ముందే రాసివ్వు. ఆ రోజు చీకటి పడేదాకా మీ నుంచి కబురు లేకపోతే నేను షెరీఫ్ ఆఫీసుకి ఫోన్ చేస్తాను, తర్వాత సిగ్గేసిందని నన్ననకు.

రాత్రి ప్రయాణం మాత్రం వద్దు. ముందురోజు మా ఇంట్లో దిగండి, ఇక్కణ్ణుంచి ఈలీకి రెండు గంటలే. టెంట్లు రెండు నా దగ్గరే ఉన్నాయి, కొనకండి. ఆరుగురికి పడక చూస్తాను, ఎనిమిది మందైతే ఇద్దరు హాల్లో కార్పెట్ మీద పడుకోవాలి. ఎవరు గుడ్డు తింటారో, ఎవరు తినరో ముందే చెప్పు.

మీ అత్త