గన్‌బలాన్యాకు కాకడు పాస్ చాలదు

ఉత్తర ఆస్ట్రేలియాలోని గన్‌బలాన్యా ఊరికి వెళ్దామంటే కుదరదన్నారని, పాస్ ఉన్నా ఎందుకని అడిగారు కదా. మీరు కొన్నది కాకడు నేషనల్ పార్కు పాస్. అది ఈస్ట్ అలిగేటర్ నది ఇవతలి గట్టు వరకే. పార్కులోని జబిరు ఊరి నుంచి వెళ్లి, నదిని దాటే రోడ్డు కేహిల్స్ క్రాసింగ్ దాటితే ఆర్నెమ్ ల్యాండ్, 1976 నాటి ఆదివాసీ భూమి హక్కుల చట్టం కింద ఆదివాసుల సొంత భూమి. అక్కడున్న గన్‌బలాన్యాకు మీకు కుదరదన్నది అందుకే అయ్యుంటుంది.

1. ఆదివాసుల భూముల వ్యవహారాలు చూసే నార్తర్న్ ల్యాండ్ కౌన్సిల్‌కి పర్మిట్ కోసం ముందుగానే అప్లై చేయండి.

2. అద్దె కారైతే ఒప్పందంలో ఆ క్రాసింగ్‌కి అనుమతి ఉందేమో చూడండి.

3. పోటు వేళలు చూసుకోండి. చాలామంది వదిలేసేది ఇదే. వెళ్లే వేళ చూస్తారు, తిరుగు వేళ చూడరు. సముద్రపు పోటు అక్కడిదాకా వచ్చి రోడ్డుమీద నీళ్లు ఎక్కుతాయి. ఆటు సమయంలోనే రెండుసార్లూ దాటేలా ప్లాన్ చేసుకోండి. నీళ్లు పారుతుంటే ఆగిపోండి. లోతు చూద్దామని దిగకండి, అక్కడ ఉప్పునీటి మొసళ్లుంటాయి. వానాకాలంలో అసలు దారే ఉండదు.

4. ఊళ్లోకి వెళ్లాక నేరుగా అక్కడి ఆదివాసీ కళాకేంద్రం ఇంజలక్ ఆర్ట్స్‌కి వెళ్లండి, తెరిచే వేళలు ముందే కనుక్కుని. బొమ్మలు, మన మొగలి జాతి ఆకులతో అల్లిన బుట్టలు కళాకారుల దగ్గరే కొనొచ్చు. ఇళ్ల మధ్య తిరగొద్దు. ఫోటోకి ముందు అడగండి. మద్యం తీసుకెళ్లొద్దు.