తాళం మూడుసార్లు లాగి చూస్తే నార్మల్ కాదా?

ప్రశ్న: మేడమ్, నా వయసు 34. మాది విశాఖలో సీతమ్మధార. ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. నాకు కొన్ని అలవాట్లున్నాయి. ఇంటికి తాళం వేశాక మూడుసార్లు లాగి చూస్తాను. స్కూటీతో మాట్లాడతాను. సింహాచలం ఘాట్‌రోడ్డు ఎక్కుతుంటే "ఇంకొంచెమే, నా బంగారం" అంటాను. భోజనంలో ముందు పెరుగన్నం, ఆఖర్న పప్పన్నం తింటాను. పెళ్ళిళ్ళలో రెండు గంటలు దాటితే తల దిమ్మెక్కిపోతుంది. ఆదివారం పొద్దున్న ఒక్కదాన్నే టెన్నేటి పార్కుకి వెళ్ళి గంటసేపు సముద్రం చూస్తూ కూర్చుంటాను. మొన్న బంధువుల గృహప్రవేశంలో మా ఆడపడుచు అందరి ముందూ "మా వదిన నార్మల్ కాదు, వాల్తేరు ఆసుపత్రికి తీసుకెళ్ళి చూపించాల్సిందే" అంది. అందరూ నవ్వారు. మావారూ నవ్వారు. ఆ రాత్రి మా ఏడేళ్ళ పాప "అమ్మా, నువ్వు నార్మల్ కాదా?" అని అడిగింది. అప్పట్నుంచీ నన్ను నేనే గమనించుకుంటున్నాను. పార్కుకి వెళ్ళడం కూడా మానేశాను. నిజంగా నాలో ఏదైనా తేడా ఉందా?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి మీ స్కూటీని మీరు బుజ్జగించే తీరు చూసి ముచ్చటేసింది. రెండోసారి "మావారూ నవ్వారు" అన్నచోట ఆగిపోయాను. మీరు అడిగింది అలవాట్ల గురించి. మీకు నొప్పి తగిలింది మాత్రం అక్కడ. రెండింటి గురించీ మాట్లాడుకుందాం.

ముందు మీ సముద్రం సంగతే చెబుతాను. రైల్వేస్టేషన్లో పసుపు బోర్డు మీద ఊరి పేరు కింద సముద్ర మట్టానికి ఇన్ని మీటర్ల ఎత్తు అని రాసి ఉంటుంది, చూసే ఉంటారు. ఆ మట్టాన్ని మన దేశంలో 1909లో స్థిరపరిచారు. తొమ్మిది ఓడరేవుల్లో ఆటుపోట్లను ఏళ్ళ తరబడి కొలిచి సగటు తీశారు. ఆ తొమ్మిదింటిలో మన విశాఖ ఒకటి. మీరు ఆదివారాలు చూస్తూ కూర్చునే నీళ్ళు కూడా ఆ లెక్కలో ఉన్నాయన్నమాట. అయితే నీళ్ళు ఆ గీత దగ్గర నిలబడి ఉండవు. పోటుకి ఎక్కుతూ ఒకసారి, ఆటుకి దిగుతూ ఒకసారి దాన్ని దాటిపోతాయంతే. సగటు అన్నది కొలుచుకోవడానికి మనం గీసుకున్న గీత. సముద్రం అక్కడ ఆగాలని ఎవరూ అనుకోరు.

మనుషుల్నీ ఒకసారి ఇలాగే కొలిచారు. 1950ల మొదట్లో అమెరికా వైమానిక దళంలో గిల్బర్ట్ డేనియల్స్ అనే పరిశోధకుడు 4,063 మంది పైలట్ల ఒంటి కొలతలు తీసుకుని లెక్క చూశాడు. ఎత్తు, ఛాతీ, చేతి పొడవు వంటి పది కొలతల్లోనూ సగటుకు దగ్గరగా ఉన్నవాళ్ళు ఎందరని. ఒక్కరంటే ఒక్కరు కూడా దొరకలేదు. ఒంటికి పది కొలతలు పెడితేనే ఇలా ఉంటే, తిండి, భయాలు, ఇష్టాలు, ఓపిక, నిద్ర, ఇవన్నీ కలిపి చూస్తే మీ ఆడపడుచు చెప్పే ఆ నార్మల్ మనిషి ఏ వీధిలో దొరుకుతుంది?

పెరుగన్నం విషయానికొస్తే, భోజనాన్ని పెరుగుతో ముగించడం మన పద్ధతి. కారం తిన్న కడుపుకి చలవ చేస్తుందని పెద్దవాళ్ళు పెట్టారు, మంచిదే. కానీ మన ఊళ్ళో నేవీ ఉంది, పోర్టు ఉంది, స్టీల్ ప్లాంటు ఉంది. దేశం నలుమూలల వాళ్ళూ ఇక్కడే వండుకు తింటున్నారు. బెంగాలీ ఇంట్లో భోజనం చేదు కూరతో మొదలవుతుంది. గుజరాతీ కంచంలో మిఠాయి మొదటి ముద్ద నుంచే ఉంటుంది. మీరు మీ కంచంలో వరస మార్చారు, అంతే. పప్పన్నం రుచి నోట్లో నిలవాలని ఆఖరికి దాచుకునే మనిషి అంటే నాకు ఇష్టం కలిగింది.

పెళ్ళిళ్ళ గురించి ఎక్కువ చెప్పను. రెండు గంటలు మనస్ఫూర్తిగా ఉండి, అక్షింతలు వేసి, భోంచేసి వచ్చేయండి. చాలు.

తాళం దగ్గర మాత్రం కాస్త నిదానంగా మాట్లాడాలి. మూడుసార్లు లాగి చూసి, మెట్లు దిగి, స్కూటీ ఎక్కి, దాన్ని మర్చిపోతున్నారా? అయితే అది జాగ్రత్త. అలా కాకుండా గురుద్వారా జంక్షన్ దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి వస్తున్నారా? వేసిన తాళం కళ్ళముందు కనిపిస్తున్నా మనసు నమ్మడం లేదా? ఇలాంటి చూసుకోవడాలకే రోజుకో గంట పైన పోతోందా? ఆఫీసులో కూర్చున్నా అదే టెన్షనా? అలాగైతే దాన్ని ఓసీడీ అంటారు, మానసిక వైద్యుడు చూడాల్సిన విషయం. నయమవుతుంది కూడా. నేను ఇక్కడ అడిగేది మీరు పదిమందిలా ఉన్నారా లేదా అని కాదు. ఆ అలవాటు మీ నిద్రనో, పనినో, సంతోషాన్నో తినేస్తోందా అని. మీ ఉత్తరంలో నాకు అలాంటి జాడ కనబడలేదు. అయినా నేను మిమ్మల్ని చూడలేదు కదా, ఈ ప్రశ్నలు మీరే వేసుకోండి. మొదటిది తప్ప మిగతావాటిలో ఏ ఒక్కదానికైనా అవునని వస్తే 14416కి ఫోన్ చేయండి. అది టెలీ మానస్, కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన ఉచిత సేవ. రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

వాల్తేరు మాట కూడా నన్ను బాధపెట్టింది. మన ఊళ్ళో చాలా ఇళ్ళలో అది నవ్వులాటకి వాడే మాట అయిపోయింది. చినవాల్తేరులో ఉన్న మానసిక ఆసుపత్రి అంటే మన పెద్దాసుపత్రి కేజీహెచ్ లాగే జబ్బు నయం చేసే చోటు. ఆ గృహప్రవేశంలో నవ్విన వాళ్ళలో అన్ననో తల్లినో అక్కడికి తీసుకెళ్ళి, ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేక లోపల దాచుకున్నవాళ్ళు ఉండి ఉండొచ్చు. రేపు నిజంగా అవసరం పడినవాళ్ళు వెళ్ళడానికి జంకేది ఇలాంటి మాటల వల్లే.

ఇక ఇంటి విషయం. మీవారు కావాలని నవ్వారని నేను అనుకోను. పదిమంది నవ్వుతుంటే కలిసిపోయి ఉంటారు. కానీ మీరు చెప్పకపోతే ఆయనకి ఆ సంగతి ఎప్పటికీ తెలియదు. పాప పడుకున్నాక, టీవీ కట్టేసి, నెమ్మదిగా చెప్పండి. "ఆ రోజు ఆమె అన్న మాట కన్నా మీ నవ్వు నాకు ఎక్కువ గుచ్చుకుంది. ఇంకోసారి అలా జరిగితే మీరు నా పక్కన నిలబడాలి." ఇంతే. పాత విషయాలేవీ తవ్వకండి. ఆడపడుచుతో మాట్లాడాల్సింది మీరు కాదు, ఆమె అన్నగా ఆయనే. "వదినని అలా అనకు, పాప కూడా వింటోంది" అని ఆయన ఒక్క మాట అంటే ఆ ఇంట్లో అందరికీ అర్థమవుతుంది.

పాపకి మాత్రం జవాబు బాకీ ఉన్నారు. "నార్మలేనమ్మా" అని తేల్చేయకండి. తను రాత్రి ఏ దిండు లేకపోతే నిద్రపోదో, నాన్న వార్తాపత్రిక వెనక పేజీ నుంచి చదువుతారో లేదో, అమ్మమ్మ గుమ్మం దాటే ముందు ఏం గొణుక్కుంటుందో, ఒక్కొక్కటీ తననే చెప్పమనండి. పిల్లలు ఇవన్నీ మనకన్నా బాగా కనిపెడతారు. మీ స్కూటీ కబుర్లు కూడా ఆ వరసలోకి అవే వచ్చేస్తాయి.

ఈ ఆదివారం పాపనీ వెంటబెట్టుకుని టెన్నేటి పార్కుకి వెళ్ళండి. 2020లో బంగ్లాదేశ్ ఓడ గాలికి కొట్టుకొచ్చి ఆగిన చోటు చూపించండి, తనకి నచ్చుతుంది. పై ఆదివారం పాపని నాన్న దగ్గర వదిలి, మళ్ళీ మీరొక్కరే వెళ్ళండి.